ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులతో ఇంజినీరింగ్ మ్యాథ్స్ నిజంగా రావాలంటే: మొదటి రోజు నుంచి స్టెప్ బై స్టెప్

"ఫ్రీ కోర్సులు బోలెడున్నాయి, ఏది చూడమంటారు" అని చాలామంది అడుగుతున్నారు. కాసేపు మాట్లాడితే తేలేది ఏంటంటే, అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఇప్పటికే రెండు మూడు కోర్సులు మొదలెట్టి మూడో వారంలో వదిలేసినవాళ్ళే. నేనూ ఒక లీనియర్ ఆల్జీబ్రా కోర్సు మొదటి లెక్చర్ నుంచి చివరిదాకా చూశాను, నోట్స్ కూడా నీట్‌గా రాసుకున్నాను, నెల తర్వాత ఒక చిన్న మ్యాట్రిక్స్ ముందు పెట్టుకుని ఐగెన్ వాల్యూస్ (మ్యాట్రిక్స్ కొన్ని దిశల్ని పక్కకి తిప్పకుండా ఎన్ని రెట్లు చేస్తుందో చెప్పే సంఖ్యలు) తీద్దామంటే చెయ్యి కదల్లేదు. కోర్సులో లోపమేమీ లేదు, అందులో ఉన్న ప్రాబ్లమ్ షీట్లు నేను ఒక్కటీ తెరవలేదు, అదీ సంగతి.

కాబట్టి కింద చెప్పేదంతా ఒక్క మాట చుట్టూనే ఉంటుంది: ప్రాబ్లమ్ షీటే కోర్సు, వీడియో దానికి తోడు.

1. ముందు ఒక ఇంజినీరింగ్ లెక్కని ఎంచుకోండి

"మ్యాథ్స్ అంతా నేర్చుకోవాలి" అని కూర్చుంటే ఎక్కడా తేలదు. మీ బ్రాంచ్‌లో మీకు అర్థంకాక వదిలేసిన ఒక లెక్కని కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఒక బీమ్ ఎంత వంగుతుందో కావచ్చు, ఆర్‌ఎల్‌సీ సర్క్యూట్‌లో (రెసిస్టర్, ఇండక్టర్, కెపాసిటర్ ఉన్నది) స్విచ్ వేసిన క్షణం కరెంటు ఎలా మారుతుందో కావచ్చు, రాడ్‌లో వేడి ఎలా పాకుతుందో కావచ్చు, కొలతల డేటాకి ఒక గీత సరిపెట్టడం కావచ్చు.

ఆ లెక్కకి ఏ మ్యాథ్స్ కావాలో చూస్తే మీ సిలబస్ దానంతటదే బయటికొస్తుంది. బీమ్ అంటే నాలుగో ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్, ఆర్‌ఎల్‌సీ అంటే రెండో ఆర్డర్‌ది, దాంతోపాటు కాంప్లెక్స్ నంబర్లూ లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మూ (డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని మామూలు ఆల్జీబ్రాగా మార్చే పద్ధతి). వేడి పాకడం అంటే పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్, ఫోరియర్ సిరీస్ (ఫంక్షన్‌ని సైన్, కాస్ అలల మొత్తంగా రాయడం). గీత సరిపెట్టడం అంటే లీస్ట్ స్క్వేర్స్ (తేడాల స్క్వేర్ల మొత్తం అతి తక్కువయ్యే గీతని వెతకడం), అంటే లీనియర్ ఆల్జీబ్రా.

2. మీరు ఎక్కడున్నారో పరీక్షించుకోండి

ఇది వదిలేసేవాళ్ళే ఎక్కువ, ఆగిపోయేవాళ్ళూ వాళ్ళే. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్‌లో కష్టపడుతున్నాం అనుకునేవాళ్ళ నోట్‌బుక్ తిరగేస్తే చాలాసార్లు తప్పు ఆల్జీబ్రాలోనో ట్రిగనామెట్రీలోనో ఉంటుంది. నేల విడిచి సాము చేస్తే ఎంత మంచి కోర్సైనా ఏమీ చెయ్యలేదు.

క్యాలిక్యులేటర్ లేకుండా, అరగంటలో, ఇవి చేసి చూడండి:

- 3 ఎక్స్ స్క్వేర్ − 12 ఎక్స్ + 7 ని కంప్లీట్ స్క్వేర్‌గా రాయండి
- సైన్ 150 డిగ్రీలు ఎంత
- లాగ్ ఆఫ్ (ఎ + బి) ని లాగ్ ఎ + లాగ్ బి గా విడదీయొచ్చా
- 1 + ఐ ని నాలుగో పవర్‌కి ఎత్తితే ఎంత
- ఎక్స్ స్క్వేర్ ఇంటూ సైన్ 3ఎక్స్ డెరివేటివ్
- ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ ఇంటెగ్రల్

జవాబులు వరసగా: 3 ఇంటూ (ఎక్స్ − 2) స్క్వేర్ − 5; సగం; విడదీయకూడదు; −4; 2 ఎక్స్ సైన్ 3ఎక్స్ + 3 ఎక్స్ స్క్వేర్ కాస్ 3ఎక్స్; (ఎక్స్ − 1) ఇంటూ ఈ పవర్ ఎక్స్ + సి.

మొదటి నాలుగింటిలో రెండు తప్పితే కాలిక్యులస్ జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు, మూడు నాలుగు వారాలు ప్రీకాలిక్యులస్ చెయ్యండి. చివరి రెండే తప్పితే సింగిల్ వేరియబుల్ కాలిక్యులస్ నుంచి మొదలు. అన్నీ వస్తే నేరుగా లీనియర్ ఆల్జీబ్రాకి వెళ్ళిపోవచ్చు.

3. ఏది ముందు, ఏది తర్వాత

ఈ వరస నాకు బాగా పనిచేసింది:

1. ఆల్జీబ్రా, ట్రిగనామెట్రీ, కాంప్లెక్స్ నంబర్లు
2. సింగిల్ వేరియబుల్ కాలిక్యులస్
3. లీనియర్ ఆల్జీబ్రా
4. ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వాటిలోనే లాప్లాస్
5. మల్టీవేరియబుల్, వెక్టర్ కాలిక్యులస్
6. ఫోరియర్, పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్
7. న్యూమరికల్ మెథడ్స్
8. ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్

లీనియర్ ఆల్జీబ్రాని డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ కన్నా ముందు పెట్టడం నా పట్టుదల. రెండు మూడు ఈక్వేషన్లు ఒకదానికొకటి ముడిపడి వచ్చినప్పుడు ఐగెన్ వాల్యూస్ తెలియకపోతే అక్కడ నేర్చుకునేదంతా బట్టీ అయిపోతుంది. ఎలక్ట్రికల్ వాళ్ళు 6 లోని ఫోరియర్‌ని 5 కన్నా ముందుకి జరుపుకోవచ్చు, కంప్యూటర్స్ వాళ్ళు 3 అవగానే 8 కి దూకొచ్చు. మెకానికల్, సివిల్ వాళ్ళకి మాత్రం ఈ వరసే సరి.

4. ఏ కోర్సు దేనికి

*ఖాన్ అకాడమీ:* పునాది సరిచేసుకోడానికి దీన్ని మించింది నాకు కనిపించలేదు, లెక్క చెయ్యగానే తప్పో ఒప్పో చెప్పేస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ, లీనియర్ ఆల్జీబ్రా దగ్గరికొచ్చేసరికి వీడియోలే ఎక్కువ, ప్రాక్టీస్ తక్కువ, అక్కడ వేరేదానికి మారాలి.

*ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్:* 18.01 సింగిల్ వేరియబుల్, 18.02 మల్టీవేరియబుల్, 18.03 డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, 18.06 లీనియర్ ఆల్జీబ్రా. నంబర్ చివర 'ఎస్‌సీ' అని ఉన్న వెర్షన్ వెతకండి, అది సొంతంగా చదువుకునేవాళ్ళ కోసమే అమర్చింది. లెక్చర్లతో పాటు లెక్కలు చేసి చూపించే చిన్న వీడియోలు, ప్రాబ్లమ్ సెట్లు, పరీక్ష పేపర్లు, వాటి జవాబులు అన్నీ ఒకేచోట ఉంటాయి. రిజిస్ట్రేషన్ లేదు, సర్టిఫికెట్ కూడా లేదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి 18.06 లెక్చర్లు ఇందులోవే, ఇంజినీరింగ్ వైపు ఇంకా ముందుకెళ్ళాలంటే ఆయనదే 18.085 ఉంది.

*కోర్సెరాలో హాంకాంగ్ యూనివర్సిటీ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కోర్సులు:* జెఫ్రీ చాస్నోవ్ చెప్పిన మ్యాట్రిక్స్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాలిక్యులస్, న్యూమరికల్ మెథడ్స్, అన్నీ ఇంజినీర్ల కోసం అనే పేరుతోనే ఉంటాయి. వీడియోలు చిన్నవి, ప్రతి దాని తర్వాత లెక్కలు. సిద్ధాంతం లోతు తక్కువ కానీ టైమ్ తక్కువున్నవాళ్ళకి ఇదే నయం. కోర్సెరాలో ఫ్రీగా ఏమేం తెరుచుకుంటాయో చేరేముందు కోర్సు పేజీలో చూసుకోండి, డబ్బు కట్టమని అడిగితే కంగారుపడక్కర్లేదు, ఆయన లెక్చర్ నోట్స్, వీడియోలు బయట కూడా ఫ్రీగా దొరుకుతాయి.

*ఎన్‌పీటెల్:* ఐఐటీలు, ఐఐఎస్‌సీ ప్రొఫెసర్లు చెప్పినవి. చదవడం ఫ్రీ, సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం ఫీజు. వారం వారం అసైన్‌మెంట్‌కి గడువు ఉంటుంది, ఎవరో ఒకరు తరమకపోతే చదవలేనివాళ్ళకి ఆ గడువే పెద్ద సాయం.

*పాల్స్ ఆన్‌లైన్ నోట్స్:* ఇది కోర్సు కాదు, నోట్స్. ఆల్జీబ్రా నుంచి కాలిక్యులస్ 3 దాకా పూర్తి జవాబులతో లెక్కలున్నాయి. ఏ కోర్సు చేస్తున్నా పక్కన ఇది ఉండాల్సిందే.

త్రీబ్లూవన్‌బ్రౌన్ (ఒక యూట్యూబ్ ఛానెల్) లాంటి బొమ్మల వీడియోలు చాలా అందంగా ఉంటాయి, నాకూ ఇష్టం, కానీ వాటిని అధ్యాయం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడండి, వాటినే కోర్సు అనుకోవద్దు.

ఎంచుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

- జవాబులతో సహా ప్రాబ్లమ్ సెట్లు ఉన్నాయా (లేకపోతే ఆ కోర్సు వద్దు)
- పాత పరీక్ష పేపర్ కనీసం ఒకటైనా ఉందా
- మొదటి రెండు లెక్చర్లలో చెప్పే తీరు మీకు ఎక్కుతోందా
- ఒక సబ్జెక్టుకి ఒకే కోర్సు తీసుకున్నారా

చివరిది మరీ ముఖ్యం. మధ్యలో కష్టంగా అనిపించగానే ఇంకో కోర్సుకి మారితే మళ్ళీ తేలికైన మొదటి అధ్యాయమే చేస్తారు, కష్టమైన ఆరో అధ్యాయం అలాగే ఉండిపోతుంది.

5. మొదలెట్టే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- గీతల్లేని తెల్ల కాగితాలు, పెన్ను (పెన్సిలూ రబ్బరూ వద్దు, తప్పు చెరిపేస్తే తర్వాత చూసుకోడానికి ఉండదు)
- తప్పుల నోట్‌బుక్ అని ఒకటి విడిగా
- ప్రాబ్లమ్ సెట్లు, జవాబులు డౌన్‌లోడ్ చేసి రెండు వేరే ఫోల్డర్లలో
- పైథాన్ లేదా ఆక్టేవ్ (లెక్కలకి వాడే ప్రోగ్రామింగ్ భాషలు), రెండూ ఫ్రీ. ఇన్‌స్టాల్ చెయ్యలేకపోతే గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్‌లోనే పైథాన్ నడుస్తుంది
- వారానికి నాలుగు రోజులు, రోజుకి గంటన్నర

గంటన్నర ఎందుకంటే అంతకన్నా తక్కువైతే లెక్క వేడెక్కేలోపే లేవాలి. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోడం కన్నా ఇలా విడగొట్టుకోవడం చాలా మేలు.

6. ఒక లెక్చర్‌తో ఏం చెయ్యాలి

ఈ మొత్తంలో నిదానంగా చదవాల్సింది ఇక్కడే.

*మొదటి స్టెప్, వీడియోకి ముందు ప్రాబ్లమ్ షీట్ చదవండి.* రాకపోయినా పర్లేదు, అసలు రాకూడదు కూడా. ఏం అడుగుతున్నారో తెలిస్తే వీడియోలో ఏది పట్టుకోవాలో తెలుస్తుంది. ఐదు నిమిషాల పని.

*రెండో స్టెప్, వీడియోని సగంలో ఆపండి.* యాభై నిమిషాల లెక్చర్‌ని ఒక్క దెబ్బలో చూడొద్దు, రెండు రోజులకి పంచండి. లెక్క బోర్డు మీద రాయగానే పాజ్ కొట్టి మీరే చెయ్యడానికి ప్రయత్నించండి, రెండు మూడు లైన్లు రాసి ఆగిపోయినా సరే, తర్వాత ఆయన చేసేది చూస్తుంటే "ఓహో ఇక్కడ ఇలా తిప్పాలా" అని మీ చేతికే తగులుతుంది.

*మూడో స్టెప్, వీడియో మూసేసి తెల్లకాగితం మీద మళ్ళీ.* అదే లెక్కని, అదే డెరివేషన్‌ని, ఏమీ చూడకుండా. ఎక్కడ ఆగారో అక్కడ గీత గీసి అప్పుడు మాత్రం నోట్స్ చూడండి. వీడియో చూస్తున్నప్పుడు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి, గట్టు మీద కూర్చుంటే ఈత తేలిగ్గానే కనిపిస్తుంది మరి, ఈ మూడో స్టెప్‌లో అసలు సంగతి బయటపడుతుంది.

*నాలుగో స్టెప్, లెక్కలు.* లెక్చర్‌కి కనీసం ఆరు. రెండు తేలికవి, మూడు మధ్యరకం, ఒకటి కష్టమైంది. ఒక లెక్క మీద ఇరవై ఐదు నిమిషాలు గట్టిగా ప్రయత్నించాకే జవాబు ఫోల్డర్ తెరవండి, అది కూడా మొదటి లైన్ చూసి మూసెయ్యండి, మళ్ళీ మీరే కొనసాగించండి. మొత్తం జవాబు చూసేసిన లెక్కకి పక్కన చుక్క పెట్టండి, మూడు రోజుల తర్వాత అది మళ్ళీ చెయ్యాలి, అప్పటిదాకా అది వచ్చినట్టు కాదు.

*ఐదో స్టెప్, జవాబుని సరిచూసుకోవడం.* జవాబుల పేజీతో పోల్చేముందే మీరు చెక్ చేసుకోవాలి. డిఫరెన్షియల్ ఈక్వేషన్ అయితే మీ జవాబుని వెనక్కి ఈక్వేషన్‌లో వేసి చూడండి. ఇంటెగ్రల్ అయితే డిఫరెన్షియేట్ చెయ్యండి. ఐగెన్ వాల్యూస్ అయితే వాటి మొత్తం డయాగనల్ మొత్తానికి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కి సమానం కావాలి. ఉద్యోగంలో ఎవరూ వెనక పేజీలో జవాబు ఇవ్వరు కదా.

*ఆరో స్టెప్, తప్పుల నోట్‌బుక్.* ఏ లెక్క, ఎక్కడ తప్పింది, ఎందుకు తప్పింది, మూడే మూడు ముక్కలు. "కేర్‌లెస్ మిస్టేక్" అని మాత్రం రాయొద్దు, అలా రాస్తే ఏమీ తెలియదు, "మైనస్‌ని బ్రాకెట్‌లోపల రెండో టర్మ్‌కి పంచలేదు" అని రాయండి. నెల తర్వాత చూస్తే ఒకే తప్పు ఏడుసార్లు కనపడుతుంది, దానికి విడిగా ఒక సాయంత్రం కేటాయిస్తే పోతుంది.

7. ఒక లెక్కని చివరిదాకా పిండటం ఎలా: ఉదాహరణ

రెండు గోడల మధ్య రెండు బరువులు, ఒక్కోటి 1 కిలో. ఎడమ గోడకి, రెండు బరువుల మధ్య, కుడి గోడకి మొత్తం మూడు స్ప్రింగులు, ఒక్కోటి 1 న్యూటన్ పర్ మీటర్. ఫ్రిక్షన్ లేదు. లాగి వదిలితే ఎలా ఊగుతాయి?

బలాలు రాస్తే వచ్చే మ్యాట్రిక్స్‌లో మొదటి వరస 2, −1. రెండో వరస −1, 2. దీని ఐగెన్ వాల్యూస్ 1, 3. మొత్తం 4, డయాగనల్ మొత్తం 4; లబ్ధం 3, డిటర్మినెంట్ 4 − 1 = 3. సరిపోయింది. వాటి స్క్వేర్ రూట్లే ఊగే ఫ్రీక్వెన్సీలు: సెకనుకి 1 రేడియన్, సుమారు 1.73 రేడియన్లు.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు రుచి ఇక్కడ్నుంచే. మ్యాట్రిక్స్ తిప్పని ఆ దిశలు, అంటే ఐగెన్ వెక్టర్లు, (1, 1), (1, −1). మొదటిదాంట్లో రెండు బరువులూ ఒకే వైపు కలిసి కదులుతాయి, అప్పుడు మధ్య స్ప్రింగ్ సాగదు, అంటే అది లేనట్టే, ప్రతి బరువుకీ ఒక్క స్ప్రింగే, అందుకే 1. రెండోదాంట్లో ఎదురెదురుగా కదులుతాయి, మధ్య స్ప్రింగ్ రెట్టింపు సాగుతుంది, కాబట్టి ఒక బరువు మీద పక్క స్ప్రింగ్ నుంచి 1, మధ్యదాన్నుంచి 2, మొత్తం 3. మ్యాట్రిక్స్ చెప్పిందీ స్ప్రింగ్ చెప్పిందీ ఒకటే! ఇది మొదటిసారి కాగితం మీద కలిసినప్పుడు నేను లేచి నిలబడ్డాను, నిజంగా.

ప్రతి అధ్యాయానికి ఒక్క లెక్కనైనా ఇలా చెయ్యండి: చేత్తో చెయ్యడం, వస్తువు ఎలా కదులుతుందో మాటల్లో చెప్పడం, తర్వాత కంప్యూటర్‌లో వెయ్యడం.

8. కంప్యూటర్‌లో వేసేటప్పుడు

న్యూమరికల్ మెథడ్స్ చివర్లో ఉన్నా కోడ్ మాత్రం మొదటి నెల నుంచే రాయండి, పది లైన్లు చాలు. కానీ ముందు చేత్తో చేసిన తర్వాతే, లేకపోతే వచ్చింది తప్పో ఒప్పో చెప్పలేరు.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. వై డెరివేటివ్ = −50 ఇంటూ వై, మొదట్లో వై = 1. నిజమైన జవాబు గబగబా సున్నాకి పడిపోతుంది. ఆయిలర్ పద్ధతిలో (ఇప్పటి డెరివేటివ్‌ని పట్టుకుని చిన్న చిన్న అడుగులతో ముందుకెళ్ళడం) స్టెప్ 0.1 పెట్టండి: ప్రతిసారీ −4 తో గుణించినట్టవుతుంది, కాబట్టి 1, −4, 16, −64 అంటూ పేలిపోతుంది. స్టెప్ 0.01 పెడితే 1, 0.5, 0.25 అని బుద్ధిగా తగ్గుతుంది. ఇక్కడ హద్దు 0.04, అంటే 2 ని 50 తో భాగిస్తే వచ్చేది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రంగుల గ్రాఫ్‌ని గుడ్డిగా ఎందుకు నమ్మకూడదో ఇదొక్కటి చేస్తే జీవితాంతం గుర్తుంటుంది.

ఇంకో రెండు: పైథాన్‌లో సైన్ లోపల 30 వేస్తే 0.5 రాదు, సుమారు −0.988 వస్తుంది, ఎందుకంటే అది రేడియన్లు అనుకుంటుంది. ఈక్వేషన్ల సెట్ సాల్వ్ చెయ్యాలంటే ఇన్వర్స్ తీసి గుణించొద్దు, సాల్వ్ ఫంక్షన్ వాడండి, వేగమూ ఎక్కువ, తప్పు పేరుకోవడమూ తక్కువ.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

*కాన్‌స్టెంట్‌ని చివర్లో తగిలించడం.* వై డెరివేటివ్ = వై అన్నదానికి జవాబు సి ఇంటూ ఈ పవర్ ఎక్స్, ఈ పవర్ ఎక్స్ + సి కాదు. ఇంటెగ్రేట్ చేసిన లైన్‌లోనే సి రాసెయ్యండి.

*ఇనీషియల్ కండిషన్లు తొందరగా వాడెయ్యడం.* హోమోజీనియస్ భాగానికే (కుడివైపు సున్నా అనుకుని తీసిన జవాబుకే) వాడేసి తర్వాత పర్టిక్యులర్ సొల్యూషన్ కలిపితే మొత్తం తప్పు. రెండూ కలిపాకే కాన్‌స్టెంట్లు తియ్యాలి.

*మ్యాట్రిక్స్ సైజు చూడకపోవడం.* ప్రతి మ్యాట్రిక్స్ కింద చిన్నగా 3×2 లాగా రాసుకోండి, సగం తప్పులు అక్కడే ఆగిపోతాయి. ఎ ఇంటూ బి, బి ఇంటూ ఎ ఒకటి కావని కూడా అదే గుర్తుచేస్తుంది.

*యూనిట్లు వదిలెయ్యడం.* 2 కిలోల బరువు, 200 న్యూటన్ పర్ మీటర్ స్ప్రింగ్ అంటే 200 బై 2 కి స్క్వేర్ రూట్, 10. ఈ 10 సెకనుకి రేడియన్లు, హెర్ట్జ్ కాదు. హెర్ట్జ్‌లో కావాలంటే 2 పై తో భాగించాలి, సుమారు 1.59.

*వేగం పెంచి చూడటం.* రివిజన్‌కి సరే, మొదటిసారి వద్దు.

10. ఆగిపోయినప్పుడు

అందరూ ఆగుతారు, ఎక్కువగా లీనియర్ ఆల్జీబ్రాలో వెక్టర్ స్పేస్‌ల దగ్గర, వెక్టర్ కాలిక్యులస్‌లో స్టోక్స్ సిద్ధాంతం దగ్గర. అప్పుడు వీడియో మూడోసారి చూడకండి. అదే విషయం మీద అతి చిన్న ఉదాహరణ తీసుకోండి, రెండింటికి రెండు మ్యాట్రిక్స్, ఒక చతురస్రం, ఒక సరళరేఖ. అదీ రాకపోతే అంతకుముందు అధ్యాయంలో ఏదో వదిలేశారన్నమాట, వెనక్కెళ్ళి అక్కడి చుక్క పెట్టిన లెక్కలు చెయ్యండి. ఎవరినైనా అడగాలంటే "అర్థం కాలేదు" అని అడగొద్దు, మీరు ఎంతవరకు చేశారో ఫోటో తీసి ఏ లైన్ దగ్గర ఆగారో చూపించండి, జవాబు తప్పకుండా వస్తుంది.

రెండు వారాలు గ్యాప్ వస్తే మొదటి లెక్చర్‌కి వెళ్ళకండి. చివరిగా చేసిన ప్రాబ్లమ్ సెట్ నుంచి మూడు లెక్కలు చేసి అక్కడ్నుంచే కొనసాగించండి.

11. కోర్సు అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి

- ఇంతకుముందు చూడని ఒక పాత పరీక్ష పేపర్‌ని టైమ్ పెట్టుకుని, నోట్స్ లేకుండా చేశారు
- అందులో నూటికి డెబ్బై దాకా వచ్చాయి, మిగతావి తప్పుల నోట్‌బుక్‌లోకి ఎక్కాయి
- చుక్క పెట్టిన లెక్క ఒక్కటీ మిగల్లేదు
- నెల తర్వాత అదే కోర్సులోంచి ఐదు లెక్కలు ఎక్కడివో అక్కడివి ఏరి చేస్తే నాలుగు వచ్చాయి
- గోడ మీద అంటించిన కాగితం తీసి, ఆ లెక్కలో ఈ కోర్సు పనికొచ్చే భాగం చేసి చూశారు

గోడ మీద లెక్క పూర్తిగా తేలేదాకా ఆ కాగితం తీసెయ్యకండి, తేలిన రోజున దాని జవాబుని అదే కాగితం వెనక రాసి, కొత్త లెక్కతో ఇంకో కాగితం అంటించండి.